పాత సర్కారు బడికి డంగు సున్నం: హైదరాబాద్‌లో దొరికే పని ఏ పాటిది?

ఔటర్ రింగు రోడ్డుకు అటూ ఇటూ ఉన్న ఊళ్లలో రాతి గోడల పాత బడులు ఇంకా కొన్ని మిగిలాయి. పక్కన కొత్త స్లాబు భవనం లేవగానే పిల్లలు అందులోకి మారిపోతారు. పాతది కొన్నాళ్లు రేషన్ బియ్యం బస్తాలకు, ఎన్నికలప్పుడు పోలింగ్ బూత్‌కు, ఆ తర్వాత విరిగిన బెంచీలకు పనికొస్తుంది. చివరికి గోడ మీద ఎర్ర రంగుతో ‘శిథిల భవనం’ అని రాసి తాళం వేస్తారు. కొన్నిచోట్ల ఆ తాళం మళ్లీ తీస్తున్నారు. గ్రంథాలయమో, మహిళా సంఘం హాలో, కుట్టు కేంద్రమో పెడుతున్నారు. అలాంటి పనికి నగరంలో దొరికే డంగు సున్నం (గానుగలో మెత్తగా నూరిన సున్నపు గార) మరమ్మతు సేవ మీద ఈ సమీక్ష.

చూసిన పని మూడు గదుల బడిది. 18 అంగుళాల గ్రానైటు రాతి గోడలు, బెంగుళూరు పెంకుల కప్పు, షాబాద్ బండల నేల, ముందు వరండా. పని చేసిన బృందం పేరు రాయడం లేదు. ఇక్కడ చెప్పే లోపాలు ఈ ధంధాలో మామూలుగా కనిపించేవే కాబట్టి పేరుతో పని లేదు. బడి కనుక మార్కుల్లోనే చెప్తాం: గోడలకు పదికి ఎనిమిది, కప్పుకు నాలుగు, చెప్పిన టైముకు చెప్పిన పని చేయడంలో ఐదు.

అసలు సున్నం ఎందుకు, సిమెంటుతో గీకి పూస్తే పోదా అనేవాళ్లకు ముందుగా ఒక మాట. మన దగ్గరి గ్రానైటు నీళ్లు పీల్చదు. రాతి గోడలోకి చేరిన తేమ, లోపలికి రావాలన్నా బయటికి పోవాలన్నా, రాళ్ల మధ్య ఉన్న సున్నం సందుల్లోంచే కదలాలి. ఆ సందులను సిమెంటుతో పూడ్చి (దరజులు కొట్టి), పైన అర అంగుళం సిమెంటు పూస్తే తేమకు దారి మూసుకుపోతుంది. నేలలోంచి ఎక్కిన నీరు పూత వెనకే పైపైకి పాకుతుంది. నడుము ఎత్తులో తెల్లటి ఉప్పు పొంగు వస్తుంది, రంగు పొట్టులా లేస్తుంది, తట్టి చూస్తే డొల్ల మోగుతుంది. మళ్లీ సిమెంటే పూస్తే రెండు వానాకాలాల్లో అదే మచ్చ ఇంకో అడుగు పైన కనిపిస్తుంది. కుతుబ్‌షాహీ సమాధుల దగ్గర ఆగాఖాన్ ట్రస్టు 2013 నుంచి చేసిన పనుల్లో, వెనకటి మరమ్మతుల సిమెంటును గీకి తీసి సున్నం పెట్టడం పెద్ద భాగం. నగరంలో ఈ పని తెలిసిన మేస్త్రీలు ఇప్పుడు దొరుకుతున్నారంటే అలాంటి పెద్ద పనుల పుణ్యమే.

ఇక గీకుడు. బృందం మొదటి రోజు సరిగ్గానే మొదలుపెట్టింది. గోడంతా చెక్క సుత్తితో తట్టి, డొల్ల మోగిన చోట్ల సుద్దముక్కతో గీతలు గీసి, ఒక అడుగు చదరం మాత్రం ఉలితో తీసి లోపల ఏముందో చూసింది. పై నాలుగు అంగుళాల్లో సున్నం, లోపలికి మట్టి గారే ఉన్నట్టు తేలింది. రెండో గదికి వచ్చేసరికి తొందర పుట్టి కరెంటు బ్రేకర్ తెచ్చారు. మట్టి గారతో కట్టిన గోడకు ఆ అదురు చాలు, కిటికీ పక్క రాళ్లు కదిలిపోయాయి. వాటిని తీసి, చిప్పరాళ్లు దూర్చి, కొత్త గారతో మళ్లీ కట్టడానికి నాలుగు రోజులు పోయాయి. సిమెంటు మరీ గట్టిగా పట్టుకున్న చోట వదిలేయడమే మేలు. పూతతో పాటు రాతి అంచు కూడా ఊడొస్తుంటే ఆ చోట ఆగాలి. ఒప్పందంలోనే ‘సుత్తి, ఉలి తప్ప యంత్రం వాడరాదు’ అని ఒక వాక్యం రాయించుకుంటే ఈ గొడవ ఉండదు.

సున్నం పిడుగురాళ్ల బట్టీలది, గడ్డల రూపంలో వచ్చింది. తూకంలో తేలికగా ఉండి, తెల్లగా, నీళ్లు తగలగానే బుస్సుమని విచ్చుకుంటే తాజా సరుకు. దారిలోనే గాలి తేమకు పొడిగా రాలిపోయిన లోడు వస్తే వెనక్కి పంపాలి, అది సగం చచ్చిన సున్నం. లెక్క ప్రకారం వంద కిలోల గడ్డ సున్నానికి 32 లీటర్ల నీళ్లు చాలు. కానీ ముద్ద కావాలంటే 250 నుంచి 300 లీటర్లు పడతాయి. ముందు తొట్టిలో నీళ్లు నింపి, అందులోకి గడ్డలు కొద్దికొద్దిగా వేయాలి. గడ్డల కుప్ప మీద నీళ్లు పోస్తే నీరు మరిగి ముఖం మీదికి చిమ్ముతుంది, కళ్లు పోయే ప్రమాదం. పని జరిగేది బడి ఆవరణలో, పిల్లలు ఆడుకునే చోట కాబట్టి తొట్టి చుట్టూ రేకులు కట్టించడం తప్పనిసరి. కూలీలకు కళ్లద్దాలు ఇచ్చారు, కానీ మధ్యాహ్నానికి అవి నెత్తి మీదికి ఎక్కాయి. కంట్లో పడితే వెంటనే శుభ్రమైన నీళ్లు ధారగా పదిహేను ఇరవై నిమిషాలు పోస్తూనే ఉండి, తర్వాత ఆస్పత్రికి పరిగెత్తాలి. ఆ నీళ్ల డ్రమ్ము, మగ్గు తొట్టి పక్కనే సిద్ధంగా పెట్టాలి.

నీళ్లలో విరిగిన (విచ్చుకున్న) ముద్దను సన్న జల్లెడలో వడకట్టి, పైన నీళ్లు నిలబెట్టి, కనీసం పదిహేను రోజులు మాగనివ్వాలి. నెల దాటితే ఇంకా మంచిది. సరిగ్గా విరగని నలుసులు ముద్దలో మిగిలితే గోడ మీదికెక్కాక నీళ్లు తాగి ఉబ్బుతాయి, పూతలో చిన్న చిన్న గుంటలు టపటపా లేస్తాయి. ఈ బృందం ఎనిమిదో రోజుకే ముద్ద ఎత్తింది. వరండా గోడలో ఇప్పుడు కనిపించే ఉద్ది గింజంత గుంటలు ఆ తొందర ఫలితం. ఒక మార్కు అక్కడే పోయింది.

ఇసుక విషయంలో నగరంలో అందరూ చేసే పొరపాటు ఒకటుంది. సిమెంటు పనికి అలవాటైన చేత్తో రోబో ఇసుక (రాయిని మిషన్లో నలగ్గొట్టిన ఇసుక) దింపేస్తారు. దాన్లో రాతి దుమ్ము ఎక్కువైతే సున్నం పూత ఆరేటప్పుడు జాలీలా పగుళ్లు తేలుతుంది. కడిగిన ఏటి ఇసుక, లావు సన్నం కలిసి ఉన్నది కావాలి. గాజు సీసాలో సగం ఇసుక, మిగతా నీళ్లు పోసి, చెంచాడు ఉప్పు వేసి బాగా కుదిపి మూడు గంటలు వదిలితే పైన తేలే మట్టి పొర ఎంతో కంటికే కనిపిస్తుంది. ఇసుక ఎత్తులో పన్నెండో వంతు దాటితే వాడొద్దు. నీళ్లు కూడా చూసుకోవాలి. ఉప్పగా ఉండే బోరు నీళ్లతో కలిపితే, గోడలోంచి ఏ ఉప్పును తీయడానికి ఇంత తంటా పడ్డామో అదే ఉప్పును మన చేత్తో మళ్లీ ఎక్కించినట్టు.

వట్టి సున్నం గాలి తగిలితేనే గట్టిపడుతుంది. నేల దగ్గర, వాన కొట్టే బయటి గోడకు అది చాలదు, తడిలోనూ గట్టిపడేలా సుర్కీ కలపాలి. మెత్తగా కాలిన ఎర్ర ఇటుకను దంచిన పొడే సుర్కీ. నల్లగా మాడిన ఇటుక పొడికి ఆ గుణం ఉండదు, సిమెంటు రంగు ఫ్లైయాష్ ఇటుక పొడి సుర్కీ కానే కాదు. ఇక్కడ సైటుకు వచ్చిన మొదటి బండిలో ఆ బూడిద రంగు ముక్కలే సగం ఉంటే వెనక్కి పంపాల్సి వచ్చింది. కిటికీ అడుగుమట్టం కింద, బయటి వైపు అంతా ఒక పాలు సున్నం, ఒక పాలు సుర్కీ, రెండు పాళ్లు ఇసుక. లోపల, కిటికీ పైభాగానికి ఒకటికి మూడు ఇసుక. ఈ పాళ్లు బాగా నిలిచాయి. గ్రీసు వాళ్లు ఇదే అవసరానికి సాంటొరీని ద్వీపపు అగ్నిపర్వత బూడిదను సున్నంలో కలిపేవారు. సూయజ్ కాలువ కట్టడాలకు కూడా ఆ మట్టి ఓడల్లో వెళ్లింది. మనకు అగ్నిపర్వతం లేదు, ఇటుక బట్టీ ఉంది.

గానుగకు ఎద్దులు లేవు, మోటారు గానుగే. సున్నం, సుర్కీ, ఇసుక మూడు గంటలకు తగ్గకుండా తిరగాలి. రెండు వేళ్ల మధ్య నలిపితే గరగరలాడకుండా, తాపీ మీంచి జారకుండా వెన్నలా పట్టుకుంటే డంగు అయినట్టు. కలిపే నీళ్లలో రాత్రంతా నానేసిన కరక్కాయ పొడి, బెల్లం. వంద లీటర్లకు రెండు మూడు కిలోల బెల్లం మించకూడదు. ఎక్కువైతే గార త్వరగా పట్టదు, పైన నల్లటి బూజు లేస్తుంది, చీమలు వరస కడతాయి. ఉత్తరం గదిలో ఒక మూల ఈ మూడూ జరిగాయి. సుర్కీ కలిపిన గారను ఆ పూటే వాడేయాలి, మర్నాడు నీళ్లు కొట్టి మెత్తబరిచిన గారతో పని చేయనివ్వకూడదు.

పని దగ్గర తప్పకుండా వినిపించే మాట ఒకటి ఉంటుంది: ‘‘గింత సిమెంటు ఏస్తే జల్ది పడ్తది సార్, ఎవ్వలకు ఎర్కయితది?’’ ‘‘గోడకు ఎర్కయితది మేస్త్రీ’’ అని చెప్పి ఊరుకోకుండా పరీక్ష కూడా పెట్టుకోవాలి. మూడో రోజు గోరుతో గీస్తే సున్నం పూత మీద గీత పడుతుంది. పడకుండా ఠంగుమంటే, రంగు బూడిదకు తిరిగితే, సిమెంటు పడిందన్న మాటే. ఇక నెల తర్వాత ఒక పెచ్చు విరిచి, హైస్కూలు కెమిస్ట్రీ ల్యాబులో ఉండే ఫినాల్ఫ్తలీన్ రెండు చుక్కలు వేస్తే, గాలి తగిలి రాయిగా మారిన భాగం రంగు మారదు, లోపల పచ్చిగా ఉన్న భాగం గులాబీ రంగు తిరుగుతుంది. నెల రోజులకు పైపొర మాత్రమే రాయిగా మారడం సహజం. పైపొర కూడా గులాబీ తిరిగిందంటే పూత మీద ఏదో రంగు పూసి గాలి ఆపేశారన్న మాట.

పూత మూడు చేతులు, అంటే మూడు పొరలు. మొదటిది 12 మిల్లీమీటర్లు, గరుకుగా గీతలు గీసి వదలాలి. రెండోది ఎనిమిది. మూడోది రెండు మూడు మిల్లీమీటర్ల నునుపు చెయ్యి. ఒక్కో చేతికీ మధ్య వారం పది రోజులు. రాళ్ల మధ్య లోతైన గుంటలను ఒకేసారి గారతో నింపకుండా ముందే చిప్పరాళ్లతో పూడ్చాలి, లేకపోతే ఆ మందం జారుతుంది. పూతకు ముందు రోజు, పూసే రోజు గోడ తడపాలి. పూశాక గోనె పట్టాలు వేలాడదీసి వాటిని తడిగా ఉంచాలి. పైపుతో గోడ మీద నీళ్లు కొట్టడం సిమెంటు అలవాటు, సున్నం దానికి కొట్టుకుపోతుంది. పడమటి గోడను ఏప్రిల్, మే ఎండలో ముట్టుకోవద్దు. గాలి పట్టే లోపే నీరు ఆవిరైపోయి పూత పిండిలా రాలుతుంది. హైదరాబాద్‌లో ఈ పనికి అక్టోబరు చివర నుంచి ఫిబ్రవరి దాకా సరైన కాలం.

లెక్క కావాలంటే ఇదిగో. వంద చదరపు అడుగులకు 20 మిల్లీమీటర్ల మందాన ఇసుక, సుర్కీ కలిపి ఏడు ఘనపుటడుగులు, సున్నం ముద్ద 2.3 ఘనపుటడుగులు. ఇరవై బై ఇరవై నాలుగు అడుగుల తరగతి గది, 12 అడుగుల ఎత్తు గోడలు, తలుపులూ కిటికీలూ తీసేస్తే లోపలి పూత సుమారు 900 చదరపు అడుగులు. అంటే ముద్దే 600 లీటర్లకు దగ్గరవుతుంది, గడ్డ సున్నం ఇంచుమించు 280 కిలోలు. ఎగుడుదిగుడు రాతిగోడ దీనికి ఒకటిన్నర రెట్లు మింగుతుంది. కొటేషన్‌లో ఈ ‘ఒకటిన్నర’ లేకపోతే సగం పనిలో ‘మెటీరియల్ అయిపోయింది’ అనే ఫోను వస్తుంది.

సంచుల్లో వచ్చే రెడీమేడ్ సున్నం గార గురించి కూడా అడుగుతుంటారు. చిన్న పాచ్‌లకు, దరజులకు బాగుంటుంది, పాళ్లు తప్పవు, మాగబెట్టే పని లేదు. మూడు గదుల బడికి మాత్రం ఖర్చు భరించలేం. కొన్ని సంచుల మీద పేరు సున్నానిదే ఉన్నా లోపల తెల్ల సిమెంటు వాటా గణనీయంగా ఉంటుంది, వెనక చిన్న అక్షరాల్లో రాసింది చదివి కొనాలి. దేశపు ప్రమాణం ఐఎస్ 712లో సున్నాన్ని ఏ నుంచి ఎఫ్ దాకా తరగతులుగా విడదీశారు. మన పనికి కావలసిన తెల్ల పూత సున్నం అందులో సీ తరగతి.

రంగు దగ్గర పని చెడింది, కానీ ఆ తప్పు బృందానిది కాదు. వార్డు పెద్దలెవరో లోపలి గోడలకు లప్పం పెట్టి ఎమల్షన్ వేయమన్నారు. మూడు నెలలు కష్టపడి ఊపిరి తెచ్చిన గోడ మీద ప్లాస్టిక్ తొడుగు! ఒక గోడకు అయ్యాక ఆపగలిగారు. తక్కిన వాటికి తుమ్మబంక కలిపిన సున్నం మూడు చేతులు వేశారు. రుద్దితే బట్టలకు అంటుతుందనే ఫిర్యాదు నిజమే. బంక పాలు సరిపోతే, ఒక్కో చెయ్యి పాలంత పల్చగా వేస్తే అంటడం చాలావరకు తగ్గుతుంది.

కప్పుకు నాలుగే మార్కులు. ఈ బృందాలు సున్నం పనివాళ్లు, వడ్రంగం వాళ్లది కాదు, ఆ సంగతి ముందు చెప్పరు. మన ఊళ్లలో బెంగుళూరు పెంకు అనేది నిజానికి మంగుళూరు పెంకు. 1865లో బాసెల్ మిషన్ అనే క్రైస్తవ మిషనరీ సంస్థ వాళ్లు మంగుళూరులో ఫ్యాక్టరీ పెట్టారు. ఒకదాని అంచు ఒకదానిలో కూర్చునే ఆ పద్ధతి ఫ్రాన్సు నుంచి వచ్చింది. అదే వంశపు పెంకును గ్రీసులో ఇప్పటికీ ‘ఫ్రెంచి పెంకు’ అనే అంటారు. చదరపు మీటరుకు పదిహేను పట్టే ఈ పెంకులకు చీలికల (పెంకులు ఆనే చెక్క బద్దల) దూరం 32 సెంటీమీటర్ల దగ్గర ఖచ్చితంగా ఉండాలి. ఇక్కడ కొత్త చీలికలు చేతికొచ్చిన దూరంలో కొట్టారు, రెండు వరసల్లో కొక్కేలు పట్టలేదు, మొదటి గాలివానకే జారాయి. పాత పెంకుల్లో వేలితో కొడితే కంచులా మోగినవి మళ్లీ వాడొచ్చు. డబడబమన్నవి పగిలినవే. గోడలో దిగిన దూలపు చివరలు విప్పి చూడకుండా కప్పు పని ఒప్పుకోవద్దు. చెదలు అక్కడే మొదలవుతాయి, చెక్క పైకి బాగానే కనిపిస్తుంది, స్క్రూడ్రైవరు గుచ్చితే పిడి దాకా దిగుతుంది. కప్పు పని వేరే వడ్రంగికి, వేరే ఒప్పందంతో ఇవ్వడమే మంచిది. కప్పు ముందు, గోడలు తర్వాత.

ఇవన్నీ తేలాలంటే అంతకన్నా ముందు తేలాల్సింది ఒకటుంది: ఈ బడి ఇకపై ఏమవుతుంది? ఈ ప్రశ్నను గ్రీసు ఊళ్లు మనకన్నా ముందే ఎదుర్కొన్నాయి. 1898లో దిమిత్రియోస్ కల్లియాస్ అక్కడి ప్రాథమిక పాఠశాలలకు ఒకటి, రెండు, నాలుగు, ఆరు తరగతుల నమూనా ప్లాన్లు గీశారు. ఆంద్రేయాస్ సింగ్రోస్ అనే ధనికుడు వదిలివెళ్లిన సొమ్ముతో వాటిలో చాలా కట్టారు. రాతి గోడలు, ఎత్తైన కిటికీలు, పెంకు కప్పు. 1950, 60ల్లో జనం ఏథెన్సుకూ, 1960 ఒప్పందం తర్వాత జర్మనీకీ వలస పోవడంతో పిల్లల్లేక ఎన్నో ఊరి బడులు మూతపడ్డాయి. ఇప్పుడు కొన్ని జానపద మ్యూజియాలు, కొన్ని సాంస్కృతిక సంఘాల హాళ్లు, కొన్ని కాఫీ దుకాణాలు, అతిథి గృహాలు. అక్కడ ఊరు ఖాళీ అయింది. మన దగ్గర ప్లాట్లు పడి ఊరు నిండింది, పిల్లలు పసుపు బస్సెక్కి ప్రైవేటు బడులకు పోయారు. అక్కడ రాతిగోడల్లో భూకంపాల కోసం చెక్క పట్టీలు పెట్టేవారు. మన బాధ చెదలూ, ఉప్పూ, వాటర్ ట్యాంకు కారడమూ.

వాడకం మారితే మరమ్మతూ మారుతుంది. గ్రంథాలయమైతే బీరువాలను బయటి గోడకు ఆనించకూడదు, నాలుగు అంగుళాలు వదలాలి, లేకపోతే వెనక తడి ఆరక అట్టలకు బూజు పడుతుంది. కుట్టు కేంద్రమైతే మిషన్లకు కరెంటు పాయింట్లు చాలా కావాలి. రాతిగోడను కోసి పైపులు దించకుండా పైకే కనిపించే పైపులు వేయాలి. ఇక్కడ ఈ విషయం పూత అయ్యాక గుర్తొచ్చింది, కొత్త పూతలో ఇప్పుడు మూడు గాట్లు ఉన్నాయి. మరుగుదొడ్లు పాత గోడకు తగలకుండా విడిగా కట్టాలి. ఫాల్స్ సీలింగ్ ఎవరు అడిగినా వద్దనాలి, దాని వెనక కారేదీ, చెదలు తినేదీ కూలేదాకా కనిపించదు. షాబాద్ బండలు పీకి మెరిసే టైల్స్ వేయాలనే ఉబలాటం అంతకన్నా ప్రమాదం. బండల సందుల్లోంచి ఆరే నేల తేమంతా అప్పుడు గోడల వైపు తిరుగుతుంది. కుంగిన బండలను ఎత్తి సున్నం, ఇసుక పరుపు మీద మళ్లీ కూర్చోబెడితే చాలు. ఈ బృందం ఆ పని చక్కగా చేసింది. గోడలోనే ఉన్న నల్లబల్లను కూడా కదపకుండా చుట్టూ పూత తేల్చింది, అందుకు మెచ్చుకోవాల్సిందే.

ధర చదరపు అడుగు లెక్కన చెప్తారు, సిమెంటు పూత కన్నా రెట్టింపు దాటుతుంది. ఆ రేటులో గీకుడు, చెత్త ఎత్తడం, పరంజా, గోనె పట్టాలు, తడపడం ఉన్నాయా లేదా విడివిడిగా రాయించుకోవాలి. డబ్బులు చేతుల లెక్కన ఇవ్వాలి: మొదటి చెయ్యి ఆరాక ఒక వాయిదా, రెండోదానికి ఒకటి, చివరి పదో వంతు ఒక వానాకాలం చూశాక. ఆ ఆఖరి షరతుకు చాలామంది ఒప్పుకోరు. ఒప్పుకున్నవాళ్లకే పని ఇవ్వండి.

పని ముగిశాక మిగిలిన సున్నం ముద్దను కాంట్రాక్టరు ట్రాలీలో ఎక్కించనివ్వకండి. రెండు ప్లాస్టిక్ డ్రమ్ముల్లో వేసి, పైన రెండు అంగుళాల నీళ్లు నిలబెట్టి, మూత బిగించి వరండా చివర నీడలో పెట్టించాలి. నీళ్లు తగ్గినప్పుడల్లా పోస్తూ ఉంటే ఏళ్ల తరబడి చెడదు. ఇక్కడ ఆ డ్రమ్ముల మీద తేదీ రాసి, మూతల తాళం చెవులు గ్రంథాలయం టేబుల్ సొరుగులో పెట్టారు. వరండాలోని ఆ ఉద్ది గింజ గుంటలు పూడ్చడానికి ఒక డ్రమ్ములో సగం సరిపోతుంది.